దేవుడి ముందర పెట్టిన బండి

ప్రొద్దుటూరు బజారులో నన్ను చాలాకాలం ‘పేర్ల లాయరు’ అనేవాళ్లు. బంగారు అంగడి పెట్టేవాడు, చీరల కొట్టు తెరిచేవాడు, కారంపొడి పొట్లాలు కట్టి అమ్మేవాడు, అందరూ ఒక పేరు పట్టుకుని నా మెట్లెక్కేవాళ్లు. పేరు పెట్టేది పురోహితుడు. ఆ పేరును ఇంకొకడు ఎత్తుకుపోకుండా చూసేది నేను. ఎప్పుడో ఒకసారి కొత్త యంత్రం కనిపెట్టినవాడు వచ్చేవాడు. లా కంటే ముందు ఫిజిక్సు చదువుకున్నవాణ్ణి కాబట్టి ఆ రోజు నాకు పండగ. మధ్యాహ్నం భోజనానికి కూడా ఇంటికి వెళ్లేవాణ్ణి కాదు.

ఇప్పుడు బోర్డు దించేశాను. కళ్లు సహకరించడం లేదు. ఈ మధ్య ఈ పనిలోకి కొత్తగా వచ్చిన ఇద్దరు లాయర్లు ఇంటికొచ్చి, “సార్, మీ అనుభవం రాసిపెట్టండి, మాకు పనికొస్తుంది” అన్నారు. ఫారం ఎలా నింపాలో, రుసుము ఎక్కడ కట్టాలో నన్ను అడగనక్కర్లేదు. అవన్నీ ఇప్పుడు కంప్యూటరే చెబుతుంది. అది చెప్పనిది ఒకటుంది. దాని గురించి రాయాలంటే దేవదానమన్న సంగతి రాయాలి. అది మేము ఓడిపోయిన కేసు. గెలిచినవి రాస్తే మీకు ఉత్సాహంగా ఉంటుందని తెలుసు. కానీ రాయడానికి కూర్చుంటే చెయ్యి అటే పోతోంది.

పేర్ల పని

ముందు రోజువారీ పని ఎలా ఉండేదో కొంచెం చెబుతాను. మా వైపు వ్యాపారికి మునిసిపాలిటీ లైసెన్సు చేతికొస్తే చాలు, పేరు కూడా తన సొంతమైపోయిందని గట్టి నమ్మకం. కాదని చెబితే నా మీదే అనుమానం. పైగా ఊళ్లో సగం అంగళ్లకు ఒకటే దేవుడి పేరు.

“ఈ సామి పేరు మీద ఇంగ ఎవురూ అంగడి పెట్టగూడదు సార్. అట్ల రాయి” అన్నాడు ఒక చీరల వ్యాపారి.

“అట్ల రాయల్లంటే ఆ సామి సంతకం కావల్లప్పా” అన్నాను.

ఆయన ఏమాత్రం తడుముకోలేదు. “వచ్చే వారం కొండకు పోతాండాం. తెస్తాలే” అన్నాడు. ఇలాంటివాళ్లతో రోజులు సరదాగానే గడిచేవి.

పులివెందుల నుంచి ఒక చీనీకాయల వ్యాపారి వచ్చాడు. తండ్రి కాలం నుంచి చెక్కపెట్టెల మీద నెమలి బొమ్మ అచ్చు వేసి పండ్లు పంపేవాళ్లు. ఎవరో అదే బొమ్మను రిజిస్టరు చేయించుకుని, నీ బొమ్మ నువ్వే వాడకూడదని ఈయనకే నోటీసు పంపారు. ముందునుంచి వాడుతున్నవాడికి చట్టంలో రక్షణ ఉంది. కానీ వాడుతున్నానని చూపించాలి కదా. మద్రాసుకూ బెంగుళూరుకూ పోయిన పెట్టెలు తిరిగి రావు. చివరికి వేములలో వాళ్ల మేనత్త ఇంట్లో ఒక పాత పెట్టె దొరికింది. ఆమె దాన్ని కోళ్లగూడుగా వాడుతోంది. ఒక పక్కన నెమలి బొమ్మ, అడుగున పరిచి అంటించిన పాత దినపత్రిక మీద తేదీ. కోళ్లను బయటికి తోలి ఫొటోలు తీయించాను. ఆ కేసు గెలిచాం. మేనత్త మాత్రం పెట్టె తిరిగి ఇచ్చేదాకా నన్ను వదల్లేదు.

నాకు పని నేర్పింది చెన్నైలో ఒక సీనియరు. కోపిష్టి మనిషి. కాగితాలు విసిరికొట్టేవాడు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది ఒకటే మాట: “కక్షిదారు నీకు అబద్ధం చెప్పడు. నువ్వు అడిగినదానికి మాత్రమే జవాబు చెబుతాడు.” అప్పుడు ఇది తెలివిగా అన్న మాటే అనుకున్నాను. అందులో ఎంత బరువు ఉందో దేవదానమన్న వచ్చిన తర్వాత తెలిసింది.

ఇనుము ఒకరిది, ఆలోచన ఒకరిది

దేవదానమన్న జమ్మలమడుగులో ఒక వెల్డింగు షాపులో ఫిట్టరు. ఊరు పెద్దముడియం దారిలో ఒక పల్లె. తాతల కాలంలో క్రైస్తవ మిషన్‌లో కలిసిన కుటుంబం. ఆ పల్లెలన్నీ నల్లరేగడి, చలికాలం వస్తే కనుచూపు మేర శనగే. శనగ కోత కొడవలితో అయ్యే పని కాదు. మంచు ఆరకముందే మొక్కను చేత్తో పట్టి వేళ్లతో సహా పీకాలి. ఎండెక్కితే కాయ రాలిపోతుంది. ఆ ఆకుల మీద ఒక పులుపు ఉంటుంది. అది తడి చేతులకు పట్టి చర్మం చీల్చేస్తుంది. ఆ కాలంలో కూలికి పోయే ఆడవాళ్లు అన్నం కలుపుకోలేరు, చెంచాతో తింటారు. దేవదానమన్న భార్య సుగుణమ్మ చిన్నప్పటి నుంచీ ఆ కూలికి పోయిన మనిషి.

ఇద్దరూ కలిసి బస్సులో వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు.

“సార్, మేమొక బండి చేసినాము. శనగ పీకే బండి. దాని మీద మా ఇద్దరి పేర్లూ రావల్ల” అన్నాడు.

“చేసింది నువ్వే కదన్నా?”

“ఇనుము నాది సార్. ఆలోచన ఆమెది.”

ముందు ఆయన ఇనుప పళ్లతో చేశాడట. మొక్క ఊడొచ్చింది కానీ కాయలన్నీ రాలిపోయాయి. సుగుణమ్మ చూసి, “చేతికి కండ ఉండాది గాబట్టి కాయ రాలదు. నీ ఇనుముకు కండ యాడుండాది?” అందట. ఆయన పళ్లు తీసేసి రెండు రోలర్లు పెట్టి, వాటికి సైకిలు ట్యూబు చుట్టాడు. అప్పటికీ మొక్క వేరు దగ్గర తెగిపోతోంది. ఆమె రెండు చేతులూ చూపించి, ఒక చెయ్యి పట్టుకుంటుంది, ఇంకో చెయ్యి తిప్పుతుంది, రెండూ ఒకటే పని చేయవు అని చెప్పింది. ఆయన ఒక రోలరును నిదానంగా, ఇంకోదాన్ని వేగంగా తిరిగేటట్టు మార్చాడు. బండి పనిచేసింది. రోలర్ల మీద రేకు మూత బిగించాడు.

నా ముందు కూడా ఆమె చేతులు అలాగే తిప్పి చూపించింది. ఆ వేళ్ల సందుల్లో మానని చీలికలు ఉన్నాయి. పేటెంటు వస్తే ఆ కాగితం మీద ‘కనిపెట్టినవారు’ అని ఇద్దరి పేర్లూ ఉంటాయని చెప్పాను.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. “ఇన్నాళ్లూ కూలోళ్ల మస్టర్లోనే నా పేరు ఏసింది సార్. ఇది శానా పెద్ద మస్టరు.”

“ఆ కాగితం వచ్చినాక ఈమెకు ఒకసారి సదివి ఇనిపియ్యల్ల సార్. నాకు అంతే కావల్సింది” అన్నాడు దేవదానమన్న.

అప్పుడు అందరినీ అడిగే ప్రశ్నే అడిగాను. దరఖాస్తు వేయకముందే నలుగురికీ తెలిసిపోయిన వస్తువును చట్టం కొత్తదిగా ఒప్పుకోదు. అందుకని ఈ ప్రశ్న తప్పదు. “ఈ బండి ఇంతవరకు ఎవరికైనా చూపించారా? అమ్మారా? ఎక్కడైనా ప్రదర్శించారా?”

“ల్యా సార్. ఎవురికీ చూపియ్యలా, ఎవురికీ అమ్మలా” అన్నారు ఇద్దరూ.

దరఖాస్తు వేశాను. పరిశీలన కోసం ఎదురుచూస్తుండగానే సుగుణమ్మ జబ్బుపడింది. కర్నూలు పెద్దాసుపత్రికి తిప్పారు. ఆమె పోయిన సంగతి దేవదానమన్న ఫోనులో చెప్పలేదు. పని మానుకుని ప్రొద్దుటూరు దాకా వచ్చి చెప్పాడు. “కాగితం చూసి పోతాదనుకున్యా సార్” అన్నాడు. నాకు ఓదార్చడం చేతకాదు. కాఫీ తెప్పించాను. ఇద్దరమూ తాగలేదు.

కోత పండుగ

తర్వాత కొంతకాలానికి వేరే జిల్లాలో వ్యవసాయ పనిముట్లు చేసే ఒక కంపెనీ మా దరఖాస్తు మీద అభ్యంతరం వేసింది. ఈ బండి దరఖాస్తుకు ముందే బహిరంగంగా చూపించినదే, కొత్తది కాదు అని వాళ్ల వాదన. సాక్ష్యంగా ఒక వీడియో జత చేశారు. దేవదానమన్నను పిలిపించి, ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చోబెట్టి చూపించాను.

అది వాళ్ల ఊరి చర్చి ముందరి ఆవరణ. కోత పండుగ. ఆ పండుగకు ప్రతి ఇంటివాళ్లూ తమ చేతికొచ్చిన మొదటి ఫలం తెచ్చి దేవుడి ముందు పెడతారు. గుమ్మడికాయలు, జొన్న కంకులు, కోడిపుంజులు, అప్పుడే పీకిన శనగ కట్టలు. వాటి మధ్యలో మామిడాకులు కట్టిన బండి. పాస్టరు అయ్యగారు బండి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. తర్వాత ఆ వస్తువులు వేలం వేస్తారు, ఎవరి వస్తువును వాళ్లే పాడుకుని తిరిగి తీసుకుపోవడమూ ఉంది. బండిని దేవదానమన్నే పాడుకున్నాడు. ఇంకెవరూ పోటీకి రాలేదు. అంతకుముందు అయ్యగారు మైకు సుగుణమ్మకు ఇచ్చి, “ఇదేందో సంఘానికి చెప్పమ్మా” అన్నారు. ఆమె సిగ్గుపడుతూనే మొదలుపెట్టి, రెండు చేతులూ పైకెత్తి, కండ సంగతి, ట్యూబు సంగతి, పట్టుకునే చెయ్యి, తిప్పే చెయ్యి, అన్నీ చెప్పింది. పండుగ చూడ్డానికి వచ్చిన బంధువు ఎవరో దాన్ని ఫోనులో తీసి, ముచ్చటపడి నెట్‌లో పెట్టారు. వీళ్లకు ఆ సంగతే తెలియదు.

“అన్నా, ఎవరికీ చూపలేదని చెప్తివి గదా?”

ఆయన నా వైపు వింతగా చూశాడు. “మనుషులకు యాడ చూపిచ్చినాం సార్? దేవుడి ముందర పెట్టినాం. మొదటిది దేవునిది గదా. ఆయనకు పెట్టకుండా నీ దగ్గరికి ఎట్ల వస్తాము?”

నాకు కోపం రాలేదు. వస్తే బాగుండేది. ఆ మనిషి ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ప్రభుత్వం ముందుగా ప్రకటించిన ప్రదర్శనల్లో పెట్టిన వస్తువుకు చట్టంలో మినహాయింపు ఉంది. ఆ ప్రకటనల్లో కోత పండుగ ఉండదు.

ఈ పనిలోకి వస్తున్న పిల్లలకు నేను చెప్పదలుచుకున్నది ఇదే. ఎవరికైనా చూపించావా అని అడగొద్దు. మొదటిది ఏం చేశావు అని అడగండి. మన జిల్లాలో చేనేతవాడు మొదటి చీరను అమ్మవారికి కడతాడు. కంసాలి మొదటి నమూనాను గుళ్లో హుండీలో వేస్తాడు. మొదటి వస్తువును దర్గాకు పట్టుకుపోయేవాళ్లూ ఉన్నారు. వాళ్లెవరూ దాన్ని చూపించడం అనుకోరు. పుస్తకాల్లో రాసిన ప్రశ్న ఇంకెక్కడివాళ్ల కోసమో రాసింది.

వీడియో అయిపోయింది. దేవదానమన్న లేవలేదు.

“ఆమె గొంతు గదా సార్ ఇది” అన్నాడు. పోయిన తర్వాత ఆ గొంతు వినడం అదే మొదటిసారి. మళ్లీ వేశాను. బయట గిరాకీ ఎదురుచూస్తున్నా ఆయన చాలన్నదాకా వేస్తూనే ఉన్నాను.

మిగిలిన దారి

కేసు పూర్తిగా పోలేదు. ఒక దారి మిగిలింది. వస్తువు నలుగురి కంట పడినంత మాత్రాన కొత్తదనం పోదు. అది ఎలా పనిచేస్తుందో, చూసిన పనివాడు తిరిగి చేయగలిగేటంతగా బయటపడి ఉండాలి. వీడియోలో రోలర్లు కనపడవు, రేకు మూత కింద ఉన్నాయి. బయటపడింది సుగుణమ్మ మాటల్లోనే. ఆ మాటల్లో ఏమీ లేదని నిలబెట్టగలిగితే మేము గెలుస్తాం. మంచి వాదన. ఇంకో కేసులో అవసరం పడితే నేను మళ్లీ వాడేవాణ్ణి.

ఇంగ్లీషులో జవాబు తయారుచేశాను. పంపేముందు కక్షిదారుకు తెలుగులో చదివి వినిపించడం నా అలవాటు. దేవదానమన్న చేతులు కట్టుకుని విన్నాడు.

“వీడియోలోని స్త్రీ మాటలు అస్పష్టంగా, కూలి పనుల పోలికలతో ఉన్నాయి. యంత్ర నిర్మాణం గురించి అందులో ఉపయోగపడే వివరం ఏదీ లేదు. ఆ మాటలు విని ఏ ఫిట్టరూ ఈ యంత్రాన్ని తయారు చేయలేడు.”

“ఆగు సార్” అన్నాడు. “ఎవురా స్త్రీ?”

“అక్కే.”

ఆయన కట్టుకున్న చేతులు విప్పి నిదానంగా అన్నాడు. “ఆ మాటలు ఇనే గదా సార్ నేను చేసింది. నేను ఫిట్టరును గాదా?”

నేను నచ్చజెప్పాను. ఇది ఆమెను తక్కువ చేయడం కాదు, చట్టం భాష ఇలాగే ఉంటుంది అన్నాను. ఈ మూడు వాక్యాలూ ఉంటేనే పేటెంటు వస్తుంది, వస్తేనే అక్క పేరు కాగితం మీదికెక్కుతుంది, తీసేస్తే ఆమె పేరు ఎక్కడా ఉండదు అన్నాను. నిజం కూడా అదే.

“ఆమెకు చెప్పేది రాదని రాసి, ఆమె పేరు తెచ్చుకునేదా సార్? అట్ల వచ్చిన కాగితం నేను యాడ పెట్టుకునేది? ఆమె ఆరోజు బాగ చెప్పింది. అయ్యగారు గూడ మెచ్చుకున్యారు. కొట్టెయ్ సార్ ఆ మాట.”

“కేసు పోతాదన్నా.”

“పోనీ.”

మా సీనియరు అయితే కక్షిదారును బయట కూర్చోబెట్టి, ఆ మూడు వాక్యాలూ ఉంచి పంపేసేవాడు. గెలిచేవాడు కూడా. నేను కొట్టేశాను. హక్కు ఆయనది, పోగొట్టుకునే హక్కు కూడా ఆయనదే. సరిగ్గానే చేశానని తెలుసు. అయినా గీత గీసేముందు ఆ వాక్యాలను ఇంకోసారి చదువుకున్నాను.

పేటెంటు ఆఫీసులో జరిగిన విచారణలో, పండుగలో బండి పెట్టడం ప్రయోగంగా పరీక్షించి చూడటం మాత్రమే అని వాదించాను. బలం లేని వాదన. ఆఫీసరు ఓపికగా విని, మామిడాకులు కట్టి మైకు పెట్టి చేసే ప్రయోగం ఎక్కడా చూడలేదన్నారు. ఎగతాళిగా అనలేదు.

మెట్లు దిగుతుంటే, కనీసం సుగుణమ్మ పేరును ట్రేడ్‌మార్కుగా రిజిస్టరు చేయిద్దామన్నాను. షాపులో చేసే బండ్ల మీద ఆ పేరు వేసుకోవచ్చు.

“పేరు నేనే రంగుతో రాసుకుంటా సార్. ఆమెకు తెలివి ఉండాదని గవర్నమెంటు చెప్పల్ల అనుకున్యా. అది ఇంగ కాదులే” అన్నాడు దేవదానమన్న.

ఆర్డరు

దరఖాస్తు కొట్టేశారు. ఆ బండిని ఇప్పుడు ఎవరైనా చేసుకోవచ్చు. అభ్యంతరం వేసిన కంపెనీ చేసి అమ్ముతోంది. పెద్దముడియం చేలల్లో వాళ్ల బండ్లు తిరుగుతున్నాయని విన్నాను. మెత్తటి రోలర్లు, ఒకటి నిదానం, ఒకటి వేగం. ఆడవాళ్ల చేతులు కొంత తెరిపిన పడ్డాయంటారు. అందుకు సంతోషించాలి. సంతోషించే ప్రయత్నం చేశాను.

ఆర్డరు వచ్చిన రోజు దేవదానమన్నను పిలిచాను. ఓడిపోయిన ఆర్డరును కూడా పూర్తిగా చదివి వినిపించాలి, అది మన బాధ్యత. ఒక్కో వాక్యాన్నే తెలుగు చేసుకుంటూ చదివాను.

“వీడియోలో మాట్లాడినది ఈ దరఖాస్తులో కనిపెట్టినవారిగా చూపిన సుగుణమ్మే. రోలర్లు ఎందుకు మెత్తగా ఉండాలో, ఎందుకు వేరువేరు వేగాలతో తిరగాలో ఆమె సంపూర్ణంగా, స్పష్టంగా వివరించింది. ఈ పని తెలిసిన ఏ వ్యక్తి అయినా ఆ వివరణ విని యంత్రాన్ని తయారు చేయగలడు. అందువల్ల దరఖాస్తును తిరస్కరించడమైనది.”

ఆయన ముందుకు వంగాడు.

“సంపూర్ణంగా అని రాసినారా సార్?”

“రాశారన్నా.”

“పేరు గూడ ఏసినారా?”

“వేశారు.”

“మల్లా సదువు.”

మళ్లీ చదివాను. ‘తిరస్కరించడమైనది’ అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యెత్తి ఆపాడు. అక్కడిదాకా చాలన్నాడు. ముఖం తుడుచుకున్నాడు.

“గవర్నమెంటే చెప్పింది గదా సార్. ఆ ఆఫీసరు ఎవురో గానీ, నా వందనాలు చెప్పు.”

చెబుతానన్నాను. అలా చెప్పడానికి మా పనిలో దారి ఏదీ లేదని ఆయనకు చెప్పలేకపోయాను. ఆర్డరు కాపీని మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, జమ్మలమడుగు బస్సుకు టైమవుతోందని లేచాడు. ఓడిపోయినవాళ్లు నా ఆఫీసు నుంచి తిట్టుకుంటూ వెళ్లారు, ఏడుస్తూ వెళ్లారు. నవ్వుతూ వెళ్లింది ఆయన ఒక్కడే. ఆ నవ్వు గుర్తొస్తే నాకు ఇప్పటికీ దుఃఖం ఆగదు.